పాస్‌పోర్టు పుస్తకంలో ఇల్లాలి చోటు



మన యిళ్ళల్లో బీరువా లోపలి అరలో, నగల పెట్టె పక్కన, ఈమధ్య ఇంకో వస్తువు వచ్చి చేరింది. ముదురు నీలం అట్ట, దానిమీద బంగారు రంగులో సింహాల ముద్ర. అదే పాస్‌పోర్టు. ఒకప్పుడు పై చదువులకు సీమ వెళ్ళే మగపిల్లలకే దానితో పని. ఇప్పుడు కూతురికి పురుడు పోయడానికి అమెరికా వెళ్ళే తల్లులున్నారు. మనవణ్ణి ఎత్తుకోవడానికి ఆస్ట్రేలియా దాకా వెళ్ళే నాయనమ్మలున్నారు. ఆవకాయ నూనె కారకుండా ఎలా కట్టాలి, విమానంలో చలికి ఏం కప్పుకోవాలి అని మనం గంటలకొద్దీ మాట్లాడుకుంటాం. ఆ నీలం పుస్తకం గురించి మాత్రం ఎవరమూ మాట్లాడుకోం. అది మగవాళ్ళ వ్యవహారం, వాళ్ళే చూసుకుంటారు అనేసి ఊరుకుంటాం.

కాని ఆ పుస్తకానికీ మన ఆడవాళ్ళకీ మధ్య పెద్ద కథే వుంది. వందేళ్ళ కిందట పెళ్ళయిన స్త్రీకి పాస్‌పోర్టంటే, సాధారణంగా భర్త పుస్తకంలో ఒక గడి. అంతే. ఆ గడిలోంచి బయటికి వచ్చి తన పేరున, తన సంతకంతో, తన పుస్తకం తాను పట్టుకోవడానికి చాలా కాలం పట్టింది. ఆ కథే ఈవేళ చెప్పుకుందాం.

అసలు పూర్వం విదేశం వెళ్ళాలంటే పాస్‌పోర్టు తప్పనిసరి కాదు. చాలామందికి ఇది వింతగా వుంటుంది. మహారాష్ట్రలో పుట్టిన ఆనందీబాయి జోషి వైద్యం చదవడానికి 1883 ఏప్రిల్‌లో కలకత్తాలో ఓడ ఎక్కి అమెరికా వెళ్ళింది. అప్పుడామెకు పద్ధెనిమిదేళ్ళు. భర్త వెంట లేడు. ఆమెను ఆపాలని చూసింది పాస్‌పోర్టు ఆఫీసు కాదు, లోకుల నోళ్ళు. సముద్రం దాటితే కులం పోతుందన్నారు, ఆడది ఒంటరిగా వెళ్ళడమేమిటన్నారు. ప్రయాణానికి ముందు ఆమె శ్రీరాంపూర్‌లో సభ ఎదుట నిలబడి, తాను అమెరికాకు ఎందుకు వెళుతున్నదీ వివరంగా చెప్పుకోవలసి వచ్చింది. మన హైదరాబాదులో పుట్టిన సరోజినీదేవి కూడా అంతే. 1895లో, పదహారేళ్ళ వయసులో, నిజాం ప్రభుత్వం ఇచ్చిన వేతనంతో ఇంగ్లండు వెళ్ళి చదువుకుంది. అప్పటి ఆడపిల్లకు కాగితాలకంటే పెద్దవాళ్ళను ఒప్పించడమే కష్టం. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా, వీళ్ళకు ఆ ఇంట గెలవడమే సగం ప్రయాణం.

ఇది చదువుకున్న కుటుంబాల సంగతి. అదే కాలంలో మద్రాసు రేవులో ఇంకో రకం ఆడవాళ్ళు ఓడ లెక్కుతున్నారు. వాళ్ళు చెరకు తోటల్లో కూలికి వెళ్ళేవాళ్ళు. దక్షిణాఫ్రికాలోని నేటాలుకు మొదటి కూలీల ఓడ, దాని పేరు ట్రూరో, మద్రాసు నుంచి బయలుదేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. అప్పటినుంచి 1911 దాకా నేటాలుకు వెళ్ళిన భారతీయ కూలీలు లక్షన్నరకు పైనే. వాళ్ళలో విశాఖ, గంజాం, గోదావరి ప్రాంతాల తెలుగువాళ్ళు ఎందరో. తోటల దొరలకు కావలసింది మగకూలీలే అయినా, ప్రతి వందమంది మగవాళ్ళకు నలభైమంది ఆడవాళ్ళు వుండాలని ప్రభుత్వం నిబంధన పెట్టింది. అందుకని ఆడవాళ్ళనూ వెదికి వెదికి తీసుకుపోయేవారు.

మన ఆడవాళ్ళు దేశం దాటడానికి ప్రభుత్వం మనిషి మనిషికీ రాసి యిచ్చిన తొలి కాగితాల్లో ఈ కూలీల వలసపత్రం ఒకటి. అందులో ఆమె పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఎత్తు, ఒంటిమీద మచ్చలు అన్నీ రాసేవారు. మాట్లాడే అధికారి ఒక భాషవాడు, చెప్పే మనిషి ఇంకో భాషది. పేర్లు వాళ్ళకు వినబడినట్టు పడేవి. ఈనాటికీ అక్కడి తెలుగు కుటుంబాలవాళ్ళు తమ ముత్తవ్వ ఊరేదో తెలుసుకోవాలంటే ఆ ఓడల జాబితాలే వెతుక్కుంటారు. గౌరవంగా వెళ్ళిన ఆనందీబాయికి ఏ పత్రమూ అక్కరలేకపోయింది. కూలికి వెళ్ళిన అప్పాయమ్మకో, లచ్చమ్మకో మాత్రం ఒంటిమీది మచ్చతో సహా లెక్క రాసుకున్నారు. ఆ కాగితం ఆమెకు హక్కు యివ్వడానికి పుట్టింది కాదు, ఆమెను గుర్తుపట్టి పనిలో నిలబెట్టడానికి పుట్టింది.

ఇక మన ఉత్తరాంధ్రవాళ్ళ రంగం ప్రయాణం వేరు. రంగం అంటే రంగూన్. కాకినాడ నుంచి, విశాఖపట్నం నుంచి ఓడ ఎక్కితే నాలుగు రోజుల్లో బర్మా. బర్మా అప్పట్లో ఇండియాలో భాగమే కాబట్టి పాస్‌పోర్టు మాటే లేదు. 1937 ఏప్రిల్ 1న బర్మాను ఇండియా నుంచి విడదీశాకే అది పరాయి దేశమయింది. నిన్నటిదాకా పొరుగూరిలా తిరిగిన చోటు, గీత గీయగానే విదేశమైపోతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందుముందు మళ్ళీ వస్తుంది.

సరే, మరి పాస్‌పోర్టు తప్పనిసరి ఎప్పుడయింది? మొదటి ప్రపంచయుద్ధంతో. 1914లో యుద్ధం మొదలుకాగానే ఎవరు మిత్రుడో ఎవరు గూఢచారో తెలియక, దేశాలన్నీ సరిహద్దు దగ్గర కాగితాలు అడగడం మొదలుపెట్టాయి. యుద్ధం అయిపోతే ఈ బెడదా పోతుందనుకున్నారు. పోలేదు. 1920లో మన దేశంలో పాస్‌పోర్టు చట్టం వచ్చింది. ఇండియాలో అడుగుపెట్టే వాళ్ళ దగ్గర పాస్‌పోర్టు వుండాలనేది దాని సారాంశం. యుద్ధకాలపు వేడిలో పుట్టిన ఆ చట్టం నూరేళ్ళు దాటి బతికి, 2025లో కొత్త చట్టం వచ్చాకగాని రద్దు కాలేదు.

అదే 1920 అక్టోబరులో నానాజాతి సమితి పారిస్‌లో ఒక సదస్సు పెట్టింది. అంతవరకు పాస్‌పోర్టులు ఒక్కో దేశానిది ఒక్కో తీరు. ఒకచోట మడత పెట్టిన కాగితం, ఇంకోచోట అట్ట. ఆ సదస్సులోనే 32 పేజీల పుస్తకం, గట్టి అట్ట, అట్టమీద దేశం పేరు, మధ్యన ముద్ర అని నిర్ణయించారు. మన బీరువాలో వున్న పుస్తకం రూపం అక్కడినుంచి వచ్చిందే.

ఆ రోజుల పాస్‌పోర్టు తెరిస్తే వివరాల పేజీలో రెండు నిలువు గడులుంటాయి. ఒకటి పుస్తకం గలవాడికి. దాని పక్కది భార్యకు. భర్త ఫోటో పక్కనే భార్య ఫోటో అతికించేవారు. ఆమె ఎత్తు, కళ్ళ రంగు, పుట్టిన చోటు అక్కడే రాసేవారు. పిల్లల పేర్లు కింద. చూడటానికి ముచ్చటైన సంసార చిత్రంలాగే వుంటుంది. కాని కాస్త ఆలోచించండి. ఆ పుస్తకం పట్టుకుని భర్త ఒక్కడూ ఎక్కడికైనా వెళ్ళవచ్చు. భార్య మాత్రం అతను వెంట లేకుండా దానిమీద ఒక్క అడుగు వెయ్యలేదు. పుట్టింట్లో తల్లికి బాగాలేదని పరాయి దేశం నుంచి ఒక్కతే రావలసి వస్తే ఆమె చేతిలో ఏమీ లేనట్టే. విడిగా పాస్‌పోర్టు తీసుకోకూడదని కాదు. కాని ఒక పుస్తకంతో ఇద్దరికి సరిపోతుంటే రెండో పుస్తకానికి డబ్బు ఎందుకు దండగ అనుకునే ఇళ్ళే ఎక్కువ.

అసలు జాతీయతే భర్తను బట్టి వుండేది. 1914 నాటి బ్రిటిషు చట్టం ప్రకారం భర్త ఏ దేశం వాడైతే భార్యదీ ఆ దేశమే. విదేశీయుణ్ణి పెళ్ళాడిన అమ్మాయి, పుట్టిన ఊళ్ళోనే వుండి కూడా, మూడు ముళ్ళు పడగానే పరాయి దేశస్థురాలయిపోయేది. గోత్రం మారడం మనకు తెలుసు, ఇంటిపేరు మారడం తెలుసు. దేశం కూడా అలాగే మారిపోవాలని దొరల చట్టం చెప్పింది. ఇతర దేశాల్లోనూ ఇదే గొడవ. అమెరికాలో పెళ్ళయిన స్త్రీకి పుట్టింటి పేరుతో పాస్‌పోర్టు యివ్వమని ఆడవాళ్ళు పోరితేగాని 1925 దాకా అలాంటి పాస్‌పోర్టు రాలేదు.

ఇక స్వతంత్రం వచ్చాక మనకు ఎదురైన మొదటి దుఃఖం విభజన. ఇందాక బర్మా సంగతి గుర్తుంచుకోమన్నాను చూడండి, అదే మళ్ళీ జరిగింది. 1948 జూలై నుంచి పశ్చిమ పాకిస్తాన్ నుంచి రావడానికి పర్మిట్ కావాలన్నారు. 1952 అక్టోబరు 15 నుంచి రెండు దేశాల మధ్య పాస్‌పోర్టూ, వీసా పెట్టారు. హైదరాబాదులో ఒక చెల్లెలు, కరాచీలో అన్న వున్న కుటుంబాలు మన పాత నగరంలో ఎన్నో. మేనకోడలి పెళ్ళికి అక్షింతలు వెయ్యడానికి వెళ్ళినట్టు నిఖాకు వెళ్ళే రోజులు పోయి, నెలల ముందు దరఖాస్తు పెట్టుకునే రోజులు వచ్చాయి. ఎక్కువగా మగవాళ్ళు ఉద్యోగం కోసం, వ్యాపారం కోసం నిర్ణయాలు తీసుకున్నారు. వాటి ఫలితంగా తల్లి ఒక దేశస్థురాలు, కూతురు ఒక దేశస్థురాలు అయిపోయారు.

ఇక్కడ మన తెలుగువారు గర్వంగా చెప్పుకోదగ్గ ఘట్టం ఒకటుంది. స్వతంత్రం వచ్చిన ఇరవై ఏళ్ళ దాకా పాస్‌పోర్టు యివ్వడం, యివ్వకపోవడం ప్రభుత్వం దయ మీదే ఆధారపడి వుండేది. ఎందుకివ్వలేదని అడిగే వీలు లేదు. ఒక వ్యాపారస్తుణ్ణి ఉన్న పాస్‌పోర్టులు తిరిగి యిచ్చెయ్యమంటే ఆయన సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. 1967 ఏప్రిల్ 10న తీర్పు వచ్చింది. ఆ ధర్మాసనానికి పెద్ద మన రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావుగారు, అప్పటి ప్రధాన న్యాయమూర్తి. అయిదుగురిలో ముగ్గురు ఒకవైపు, ఇద్దరు ఇంకోవైపు. విదేశానికి వెళ్ళడం కూడా మనిషి వ్యక్తి స్వేచ్ఛలో భాగమేననీ, చట్టం లేకుండా దాన్ని అడ్డుకోవడానికి వీల్లేదనీ సుబ్బారావుగారి పక్షం తేల్చింది. తీర్పు చెప్పిన మర్నాడే ఆయన పదవి వదిలి రాష్ట్రపతి ఎన్నికలో నిలబడ్డారు. ఆ తీర్పు దెబ్బకు ప్రభుత్వం ఉరుకులు పరుగుల మీద చట్టం చేసింది. అదే 1967 జూన్‌లో వచ్చిన పాస్‌పోర్టుల చట్టం. ఇవాళ మన పుస్తకాలన్నీ దాని కిందే వస్తున్నాయి.

ఆ చట్టానికి అసలు పరీక్ష పెట్టింది ఒక స్త్రీ, అదీ ఇరవై ఏళ్ళ పిల్ల. 1977 జూలైలో మేనకా గాంధీకి ఢిల్లీ పాస్‌పోర్టు ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ప్రజాప్రయోజనం దృష్ట్యా మీ పాస్‌పోర్టు స్వాధీనం చేసుకుంటున్నాం, ఏడు రోజుల్లో అప్పగించండి అని. కారణమేమిటని ఆమె అడిగింది. కారణం చెప్పకపోవడం కూడా ప్రజాప్రయోజనం కోసమే అని జవాబు వచ్చింది. మన ఇళ్ళల్లో 'ఎందుకు?' అని అడిగితే 'నేను చెప్పాను గనక' అంటారే, అలాగే వుంది కదూ ఇది? ఆమె సుప్రీంకోర్టుకెక్కింది. 1978 జనవరి 25న ఏడుగురు న్యాయమూర్తులు తీర్పు యిచ్చారు. ఏదో ఒక చట్టం వుంటే సరిపోదు, ఆ చట్టం నడిచే పద్ధతి కూడా న్యాయంగా, సబబుగా వుండాలి, ఎదుటి మనిషి చెప్పేది వినాలి అన్నారు. ఆమె మాట వింటామని ప్రభుత్వం హామీ యిచ్చాక కోర్టు ఆ కేసును ముగించింది. ఆమె ఏ కుటుంబం కోడలు, అప్పటి రాజకీయాలేమిటి అన్నది పక్కన పెట్టండి. ఈ దేశంలో జైల్లో వున్న ఖైదీ మొదలుకొని ఉద్యోగం పోయిన గుమాస్తా దాకా 'నా మాట వినకుండా ఎలా చేశారు?' అని అడిగేటప్పుడు లాయర్లు ఆ కేసు పేరే చెబుతారు. అది ఒక ఆడపిల్ల పాస్‌పోర్టు కోసం వేసిన కేసు.

అంత గొప్ప తీర్పు వచ్చినా తల్లికి మాత్రం చిన్నచూపు తప్పలేదు. 1955 పౌరసత్వ చట్టం ప్రకారం, విదేశంలో పుట్టిన బిడ్డకు వంశం ద్వారా భారత పౌరసత్వం రావాలంటే తండ్రి భారతీయుడై వుండాలి. తల్లి భారతీయురాలయితే చాలదు. తొమ్మిది నెలలు మోసి, పురిటి నొప్పులు పడి కన్న తల్లి దేశం ఆ బిడ్డకు రాదట! ఇది ఒక ఏడాది, రెండేళ్ళు కాదు, 1992లో చట్టం సవరించేదాకా, అంటే ముప్పై ఏడేళ్ళు సాగింది. ఆ సవరణ తరువాతే తల్లిదండ్రులలో ఎవరు భారతీయులైనా సరేనన్నారు.

ఇప్పుడు గల్ఫు వెళ్ళే మన చెల్లెళ్ళ సంగతి. కడప జిల్లా నుంచీ, గోదావరి జిల్లాల నుంచీ ఇంటిపనికి కువైట్, మస్కట్ వెళ్ళినవాళ్ళు వేలమంది. వీరి రక్షణకని 1983లో వలసల చట్టం వచ్చింది. పదో తరగతి చదవని వాళ్ళు కొన్ని దేశాలకు పనికి వెళ్ళాలంటే ముందుగా ప్రభుత్వం అనుమతి తీసుకోవాలి. ఆడవాళ్ళయితే ముప్పై ఏళ్ళు నిండాలి. ఉద్దేశం మంచిదే. కాని అనుమతి దొరకని అమ్మాయి ఏజెంటు మాట నమ్మి, విజిటింగ్ వీసా మీద దొంగదారిన వెళితే, ఆమెకు అడ్డమూ లేదు, ఆసరా లేదు. అక్కడ దిగగానే యజమాని పాస్‌పోర్టు తీసుకుని పెట్టెలో పెట్టేస్తాడు. నూట అరవై ఏళ్ళ కిందట వలసపత్రం పట్టుకుని వెళ్ళిన కూలీ ఆమెకూ, ఈమెకూ తేడా ఏమిటి?

తేడా వుంది. అది మనవాళ్ళకు తెలియాలి. 1967 చట్టంలో పదిహేడో సెక్షను ఒకటుంది. పాస్‌పోర్టు ఎప్పటికీ కేంద్ర ప్రభుత్వం ఆస్తి అని అది చెబుతుంది. అంటే యజమాని దాన్ని తాకట్టు వస్తువులా దాచుకోవడానికి వీల్లేదు. కువైట్ కూడా 2015లో ఇంటిపనివారి కోసం చేసిన చట్టంలో యజమాని పనివారి పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోకూడదనే రాసింది. యజమానికి లేని హక్కు భర్తకూ లేదు, అత్తమామలకూ లేదు. అమెరికా సంబంధమని కట్నం పోసి పెళ్ళి చేసి పంపితే, అక్కడ పాస్‌పోర్టు లాక్కుని, లేదా సెలవుల్లో ఇక్కడికి తెచ్చి దించేసి, పాస్‌పోర్టుతో సహా చెక్కేసిన అల్లుళ్ళ కథలు మనం వింటూనే వున్నాం. ఇలాంటి ఫిర్యాదులు చూడటానికి 2009లో జాతీయ మహిళా కమిషన్‌లో ప్రత్యేక విభాగం పెట్టవలసి వచ్చిందంటేనే అవి ఎన్ని వుంటాయో ఊహించుకోండి.

ఈమధ్య వచ్చిన మార్పులు రెండు మూడు చెబుతాను. విడాకులయ్యాక తల్లి ఒక్కతే పెంచిన ఒక అమ్మాయికి 2005లో, 2011లో తండ్రి పేరు లేకుండానే పాస్‌పోర్టు యిచ్చారు. తరువాత మళ్ళీ అడిగితే, తండ్రి పేరు లేకపోతే కంప్యూటరు ఒప్పుకోవడం లేదన్నారు. 2016 మేలో ఢిల్లీ హైకోర్టు తండ్రి పేరు కోసం పట్టుబట్టనక్కరలేదని చెప్పింది. ఆ ఏడాది డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం నిబంధనలు మార్చి, తల్లి, తండ్రి, సంరక్షకులలో ఎవరో ఒకరి పేరు చాలునంది. విడిపోయినవాళ్ళు భర్త పేరు రాయనక్కరలేదంది. పెళ్ళి సర్టిఫికెట్టు తప్పనిసరి కాదంది.

అయినా పాత అలవాటు అంత తేలిగ్గా పోతుందా? మొన్న 2025లో మద్రాసు హైకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. విడాకుల కేసు నడుస్తున్న ఒకామె పాస్‌పోర్టుకు దరఖాస్తు పెడితే, భర్త సంతకం తెమ్మన్నారు. విడాకులు కోరుతున్న భర్త దగ్గరికి వెళ్ళి సంతకం పెట్టవయ్యా అని ఎలా అడుగుతుంది? భార్య పాస్‌పోర్టుకు భర్త అనుమతి, సంతకం అక్కరలేదని కోర్టు ఆ జూన్‌లో స్పష్టంగా చెప్పింది. పెళ్ళయిన స్త్రీని భర్త సొత్తుగా చూసే మనస్తత్వమే ఈ పట్టుదల వెనుక వున్నదని కూడా మందలించింది. 1920 నాటి గడి పుస్తకంలోంచి ఎప్పుడో పోయింది. కొందరి ఆలోచనల్లో ఇంకా పోలేదన్నమాట.

కథ చెప్పి ఊరుకుంటే మీకు ప్రయోజనం ఏముంది? అందుకని నాలుగు పనికొచ్చే మాటలు.

మన తెలుగువాళ్ళకు పేరుతోనే పేచీ. ఇంటిపేరు ఒక పొడి అక్షరం చేసి ముందు పెడతాం. పాస్‌పోర్టులో పొడి అక్షరాలు పనికిరావు, పూర్తిగా రాయాలి. బడి సర్టిఫికెట్టులో ఒక తీరు, ఆధార్‌లో ఇంకో తీరు వుంటే ముందే సరిచేయించుకోండి. పెళ్ళయింది కదా అని పేరు మార్చుకోవాలనే నియమం ఏదీ లేదు. పుట్టింటి పేరుతోనే వుంటే అన్ని కాగితాల్లోనూ ఒకే తీరుగా వుండనివ్వండి.

పెద్దవాళ్ళ పాస్‌పోర్టు పదేళ్ళు చెల్లుతుంది. గడువు ఇంకా ఏడాది వుండగానే కొత్తది అడగవచ్చు. ప్రయాణం నాటికి కనీసం ఆరు నెలలు గడువు మిగిలి వుండాలని చాలా దేశాలు అడుగుతాయి. కాబట్టి అమ్మాయికి నెలలు నిండేదాకా ఆగకుండా, శుభవార్త వినగానే పుస్తకం తీసి తేదీ చూసుకోండి. పాతది పారెయ్యకండి. అందులో గడువున్న వీసా వుంటే కొత్తదానితో కలిపి చూపించవలసి వస్తుంది.

పాస్‌పోర్టు పోతే కంగారు పడకుండా ముందు పోలీసు ఫిర్యాదు యివ్వండి, తరువాత కొత్తదానికి దరఖాస్తు పెట్టండి. విదేశంలో పోతే మన రాయబార కార్యాలయం వాళ్ళు ఇంటికి తిరిగి రావడానికి అత్యవసర పత్రం యిస్తారు. ఎవరైనా లాక్కున్నా చెప్పవలసింది అక్కడే. అందుకని మొదటి పేజీ, చివరి పేజీ నకలు తీసి ఒకటి మీ దగ్గర, ఒకటి పుట్టింట్లో వుంచండి. నంబరు ఒక చీటీ మీద రాసుకోండి. పెళ్ళి చేసి పంపే పిల్లకు సారె సర్దేటప్పుడు, పాస్‌పోర్టు ఎవరి చేతిలో వుండాలో కూడా చెప్పి పంపండి.

ఆఖరుగా ఒక్క మాట. మీ పాస్‌పోర్టు ఇప్పుడు ఎక్కడ వుంది? మీ వారి ఆఫీసు బ్యాగులోనా, అబ్బాయి సొరుగులోనా? వాళ్ళ మీద అపనమ్మకంతో అనడం లేదు. కాని అందులో వున్న ఫోటో మీది, సంతకం మీది. గడువెంత వుందో, నంబరేమిటో మీకు తెలియాలి. ఈ రాత్రి వంటిల్లు సర్దుకున్నాక ఒకసారి తీసి చదవండి. చదివి మీ అరలో పెట్టుకోండి.